అయిదు పట్టీలు

ఆ ఉదయం ఆకాశం తూర్పున తెల్లగా, పడమట మట్టిరంగులో ఉంది. ముందురోజు లేచిన దుమ్ము గోధుమ పొలాల మీద ఇంకా పూర్తిగా దిగలేదు. గాలి మాత్రం నిలిచిపోయింది. గాలి నిలిస్తే మర్రే నది పక్కన మా మడుగులో నీళ్ళు పళ్ళెంలో పోసినట్టు ఉంటాయి. నా భార్య రెయిలీన్ వంటగది కిటికీలోంచి పైకి చూసి, "ఈరోజే" అంది. నేను టీ తాగడం ముగించి, కప్పు కడిగి బోర్లించి, షెడ్డు తాళం తీయడానికి వెళ్ళాను.

రెండు వేసవుల కిందట ఆ మడుగులోనే స్లాలం చేస్తుండగా ఆమె కాలు విరిగింది. స్లాలం అంటే ఒక్క స్కీ మీద రెండు పాదాలూ ముందొకటి వెనకొకటి ఉంచి, పడవ తాడుతో లాగుతుంటే నీళ్ళ మీద తేలే ఆరు బంతులను అటూ ఇటూ చుట్టుకుంటూ పోవడం. ఆమె పాత స్కీకి ముందు పాదానికి రబ్బరు బూటు ఉండేది. వెనక పాదానికి, వేళ్ళు దూర్చుకునే తొడుగు మాత్రమే. మూడో బంతి దగ్గర వెనక పాదం జారి బయటికొచ్చింది. ముందుది రాలేదు. స్కీ ఒకవైపు తిరిగింది, ఆమె ఇంకోవైపు తిరిగింది. పడవ నడుపుతున్న నాకు ఇంజను మోతలోంచి ఆ చప్పుడు వినిపించిందంటే ఎవరూ నమ్మరు. వినిపించింది.

చీలమండ దగ్గర ఒక లోహపు రేకు, ఏడు మరలు వేశారు. మళ్ళీ విరిగితే కీలు కదలకుండా అతికేయడమేనని సర్జన్ చెప్పాడు. అలా అతికిన కాలుతో దున్నిన నేల మీద నడవలేరు, గొర్రెల వెంట పోలేరు. ఇక మానెయ్యమని అతనన్నాడు. మానెయ్యమని మా అమ్మాయి ఫోన్లో అంది. నేనేమీ అనలేదు. ముప్ఫై నాలుగేళ్ళ కాపురంలో, నేను అననిది ఏమిటో రెయిలీన్‌కు బాగా తెలుసు.

తొమ్మిదింటికి డెస్ హార్ట్‌విగ్ తన ట్రక్కులో వచ్చాడు. మా స్కీ క్లబ్బుకు అతనే పెద్ద. క్లబ్బంటే పదిహేడు మందిమి, ఒక పడవ, ఒడ్డున ఒక రేకుల పంచ. డెస్‌కు అరవై ఆరేళ్ళు. మోకాళ్ళు రెండూ అరిగాయి గాని నోరు అరగలేదు. గొర్రెల బొచ్చు పరిచే బల్ల మీద, పాదాలను స్కీకి పట్టి ఉంచే బైండింగులు మూడు రకాలు వరసగా పెట్టాడు.

"ఇదిగో, నీ పాత స్నేహితుడు. రబ్బరు కొత్తది, బుద్ధి పాతదే" అన్నాడు మొదటిదాన్ని చూపిస్తూ.

"వాడికీ నాకూ మాటల్లేవు" అంది రెయిలీన్. దాన్ని ముట్టుకోనైనా ముట్టుకోలేదు.

రెండోది రెండు రబ్బరు బూట్లు. రెండు పాదాలకూ ఒకే బిగువు. ఆమె కూర్చుని, గిన్నెల సబ్బు నీళ్ళు పోసుకుని, పాదాలు రెండూ దూర్చింది. తరువాత ఒక్కసారిగా రెండూ లాగింది. ఎడమ పాదం వచ్చేసింది. కుడిది రాలేదు. మళ్ళీ లాగితే వచ్చింది. విరిగి అతికిన చీలమండ లావెక్కింది కదా. ఆమె మూడుసార్లు అలాగే చేసి చూసింది. మూడుసార్లూ కుడిదే ఆలస్యం.

"నా కాళ్ళు రెండూ ఇప్పుడు జత కావు, డెస్. ఇది తీసెయ్."

మూడోది నేను అంతకుముందు దగ్గరగా చూడనిది. గట్టి డొల్లలాంటి రెండు బూట్లు, రెండూ ఒకే లోహపు పలక మీద బిగించినవి. ఆ పలక స్కీకి మరలతో కాదు, పట్టీలతో అంటుకుంటుంది. పట్టీల నిండా పుట్టగొడుగుల్లాంటి సన్నటి ప్లాస్టిక్ తలలు. పలక కిందివి స్కీ మీదివాటిలో దిగి పట్టుకుంటాయి. గట్టిగా పడితే పలకంతా ఒక్కసారే ఊడుతుంది, రెండు పాదాలూ దానితోనే వస్తాయి. నేను దాన్ని ఎత్తి, తిప్పి, లోపల వేలు పెట్టి చూశాను.

"ఏంటి గార్త్, పొట్టేలు పళ్ళు చూసినట్టు చూస్తున్నావ్? కరవదులే" అన్నాడు డెస్.

"ఊడకపోతే?" అన్నాను. ఆ ఉదయం నేను మాట్లాడిన మొదటి మాట అది.

"ఊడకపోతే రెండూ విరుగుతాయి. అప్పుడు జత కలుస్తాయి" అంది రెయిలీన్.

డెస్ నవ్వాడు. నేను నవ్వలేదు.

ఎన్ని పట్టీలు వేయాలన్నది ఎవరి ఒంటికి వాళ్ళే తేల్చుకోవాలి. మా వైపు దానికొక పద్ధతుంది. షెడ్డులో ఉన్ని మూటలు రెండు పక్కపక్కన దొర్లించి, వాటి ముందు స్కీ పెడతాం. ఇద్దరు దాని రెండు కొనలూ మోకాళ్ళతో అదిమి, చేతులతో పట్టుకుంటారు. స్కీ ఎక్కినవాళ్ళు బూట్లు బిగించుకుని, ఉన్ని మీదకి ముందుకు పడతారు.

రెయిలీన్ ముందు ఆరు పట్టీలతో పడింది. పలక ఊడలేదు. ఆమె ఒళ్ళు ముందుకు పోయింది, కాళ్ళు పోలేదు. నేను నా వైపు కొన వదిలేశాను. స్కీతో సహా వెళ్ళి మూట మీద పడింది.

"ఎందుకు వదిలావ్?"

"చెయ్యి జారింది."

"ముప్ఫై ఏళ్ళు పొట్టేళ్ళని పట్టిన చెయ్యి. ఇవాళే జారిందా?"

నాలుగు పట్టీలతో ఆమె పడనక్కర్లేకపోయింది. మలుపులో వంగినట్టు కాస్త వంగేసరికే పలక లేచిపోయింది. అయిదింటితో వంగితే ఆగింది, ఊగితే ఆగింది. ఒళ్ళంతా విసిరి పడితే గోనె చింపినట్టు చప్పుడు చేస్తూ ఊడింది. ఆమె జుట్టులో ఉన్ని పోగులతో లేచి కూర్చుంది.

"అయిదు."

"నాలుగు చాలు" అన్నాను.

"నాలుగింటితో వంగితేనే ఊడింది. నీ మోకాలి ముందే కదా."

"నీళ్ళే కదా. పడ్డా మెత్తగా ఉంటాయి."

"నలభై తొమ్మిది కిలోమీటర్ల వేగంలో నీళ్ళు ఎంత మెత్తగా ఉంటాయో నా మరల్ని అడుగు" అంది.

ఆమె తన చేత్తోనే అయిదు పట్టీలూ అంటించింది. పలకను అరచేతి మొదలుతో ఒక్కో అంగుళం నొక్కింది. అదీ మా పద్ధతే. ఎవరి పలక వాళ్ళే నొక్కుకోవాలి. ఆ తరువాత ఇంకొకరు దాని మీద చెయ్యి వేయరు. భార్య స్కీ మీద భర్తయినా వేయడు. ఆమె రబ్బరు సూటు వేసుకోవడానికి ఇంట్లోకి వెళ్ళింది. డెస్ పడవ మీది కప్పు తీయడానికి మడుగు దగ్గరికి వెళ్ళాడు. షెడ్డులో నేనూ స్కీ మిగిలాం.

ధాన్యం ఎత్తే మర యంత్రానికి మేము మెత్తటి పిన్ను వేస్తాం. ఏదైనా అడ్డుపడితే ముందు పిన్ను తెగుతుంది, గేరు మిగులుతుంది. ఒక ఏడాది నేను ఇంకా మెత్తటి పిన్ను వేశాను, గేరు అసలే పాతదని. ఆ కోతల కాలమంతా గేరు నిలిచింది. స్కీ ముందు నిలబడి నేను ఆలోచించింది ఇదే. పలక ఊడదీసి, మడమ వైపు పట్టీని కత్తిమొనతో స్కీ మీంచి లేపి, జేబులో వేసుకున్నాను. పలకను మళ్ళీ ఆమె నొక్కినట్టే నొక్కాను.

పది దాటాక మడుగులోకి దిగాం. ఆమె చెక్క రేవు అంచున కూర్చుని బూట్ల కొక్కేలు బిగించుకుంది. నేను పడవ నడుపుతున్నాను. డెస్ నా పక్కన వెనక్కి తిరిగి కూర్చున్నాడు, స్కీ చేసేవాళ్ళను చూస్తూ ఉండటం అతని పని. ఆమె మొదటి లాగుడుకే నీళ్ళ మీదికి లేచింది. రెండేళ్ళ తరువాత లేచిందని ఎవరూ అనుకోరు. నేను వెనక వైపు చూపించే అద్దంలో ఆమెను చూస్తూనే ఉన్నాను. మొదటి బంతి చుట్టింది. రెండోదాని దగ్గర బాగా వంగింది.

పలక ఊడిపోయింది. ఆమె నీళ్ళ మీద రెండుసార్లు చరుచుకుంటూ దొర్లింది. స్కీ ఒక్కటే జారుకుంటూ పోయి రెల్లులో దూరింది.

పడవ తిప్పుకుని వచ్చేసరికి ఆమె వెల్లకిలా తేలుతోంది. బూట్లు రెండూ ఒకే పలక మీద, నీళ్ళ పైకి లేచి ఉన్నాయి. ఒక చెంప ఎర్రగా కందింది.

"కాళ్ళు?" అన్నాను.

"ఉన్నాయి. స్కీ తెచ్చివ్వు."

తెచ్చి ఇచ్చాను. ఆమె పడవ వెనక బల్ల పట్టుకుని, స్కీ మీద బొటనవేలితో తడిమింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు. అయిదోదాని చోట జిగురు మరక మాత్రం ఉంది.

"డెస్, నువ్వు గాని ముట్టుకున్నావా?"

"నేనా? నా పెళ్ళాం స్కీ దగ్గరికే పోను. స్కీ ఏమీ అనదు గాని ఆవిడ అంటుంది."

ఆమె నా వైపు తిరిగింది. నేను జేబులోంచి పట్టీ తీసి చూపించాను. దాని తలల మధ్య గోధుమ పొట్టు ఇరుక్కుని ఉంది.

"ధాన్యం మరకు మెత్తటి పిన్ను వేస్తాం కదా. గేరు మిగలాలని" అన్నాను.

ఆమె మొహం మీంచి నీళ్ళు కారుతున్నాయి. తుడుచుకోలేదు.

"పిన్ను తెగితే నీ మర ఆగిపోతుంది, అంతే. నేను ఆగను గార్త్. ఎగిరిపోతాను. ఇప్పుడు పోయినట్టు. నేను పడటాన్ని నువ్వు తగ్గించలేదు, పెంచావు. అయినా నాకు కోపం దానికి కాదు."

నేను చుక్కాని పట్టుకుని నిలబడ్డాను.

"విరిగింది నా కాలు. అరిచింది నేను. నువ్వు చప్పుడు విన్నావు, అంతే. రెండేళ్ళుగా ఆ చప్పుడు నీది అయిపోయింది, కాలు కూడా నీదే అయినట్టు. ఏ బూటు వేసుకోవాలో, ఎన్ని పట్టీలు వేసుకోవాలో, ఎప్పుడు మానుకోవాలో, నన్ను అడిగే ఉద్దేశం ఉంటే నోరు తెరిచి అడుగు. లేకపోతే చెయ్యి జేబులో పెట్టుకో. నా స్కీ మీద వద్దు."

డెస్ తాడు చుట్ట విప్పి, మళ్ళీ చుట్టాడు.

ఆమె రేవు మీదికి ఎక్కింది. నా జేబులోది పనికిరాదని, డెస్ దగ్గరున్న పట్టీల చుట్టలోంచి కొత్తది కొలిచి కోసింది. స్కీని తువ్వాలుతో తుడిచి, స్పిరిట్ రాసి, ఆరనిచ్చి, అంటించింది. తొందరపడలేదు. పలకను అంగుళం అంగుళం నొక్కింది. నేను పడవలోంచి చూశాను.

"నేను నడపనా రెయిలీన్?" అన్నాడు డెస్.

"అక్కర్లేదు. అతనే నడుపుతాడు. ఆ అద్దం మాత్రం తిప్పెయ్."

డెస్ అద్దాన్ని కిందికి వంచేశాడు. అందులో నా మోకాళ్ళు తప్ప ఏమీ కనిపించలేదు.

అద్దం లేకుండా పడవ నడపడం అంటే పడవ దారికి గుర్తుగా ముందు తేలే బంతుల రెండు వరసల మధ్యగా సూటిగా పోవడమే. వెనక ఏం జరుగుతోందో తాడు చెబుతుంది. ఆమె బంతి దాటి అడ్డంగా కోసుకు వచ్చినప్పుడల్లా పడవ తోకను ఎవరో పట్టి లాగినట్టుంటుంది. ఎడమకు ఒకసారి, కుడికి ఒకసారి. చుక్కానిని వేళ్ళతో సర్దుతూ పోయాను.

"ఒకటి" అన్నాడు డెస్. "రెండు."

మూడో బంతి దగ్గర తాడు వదులైంది. వదులుగా ఉన్న ఆ కాసేపూ నేను ముందుకే చూశాను. ఎదర ఒక కొంగ నీళ్ళలోంచి లేచి, పడవకు అడ్డంగా ఎగిరి పోయింది. తరువాత తోక లాగింది, మునుపటికంటే గట్టిగా.

"మూడు. నాలుగు. అయిదు." డెస్ కాసేపు ఆగాడు. "ఆరోది చుట్టలేదు, లోపలినుంచి పోయింది. నిలబడే ఉంది."

చివర తాడు పిడి వదిలి ఆమె నీళ్ళలోకి దిగింది. నేను పడవ దగ్గరగా తెచ్చాను.

"మళ్ళీ" అంది.

రెండోసారి ఆరూ చుట్టింది. మూడోసారి నాలుగే. నాలుగోసారి మళ్ళీ ఆరు. ఆ రోజు ఆమె పడలేదు. గట్టిగా పడితే ఆ అయిదు పట్టీలు ఏం చేస్తాయో నాకు తెలియలేదు. ఆమెకూ తెలియదు. వచ్చే శనివారం కూడా నడపాలంది. నడుపుతానన్నాను. అద్దం సంగతి అడగలేదు, దాన్ని పైకి తిప్పనూ లేదు.

మధ్యాహ్నం రేకుల పంచ కింద కూర్చున్నాం. రెయిలీన్ తడిసిన జుట్టుతోనే బుట్ట విప్పి, చల్లటి గొర్రెమాంసం ముక్కలుగా కోసింది. రొట్టె, ఆవపొడి పచ్చడి, డబ్బా బీట్‌రూట్ బల్ల మీద పెట్టింది. డెస్ ఏదో చెప్పబోయి, మా ఇద్దరి మొహాలూ చూసి, రొట్టెకు వెన్న రాయడంలో పడ్డాడు. ఆమె నాకు పళ్ళెం ఇవ్వలేదు. నేనే లేచి తెచ్చుకున్నాను. నా చేతికి అందని చోట ఉన్న పచ్చడి సీసాను ఆమె నా వైపు చూడకుండా ఇటు నెట్టింది. మూత బిగుసుకుపోయి ఉంది. నేను దాన్ని తిప్పి తీసి, ముందు ఆమె పళ్ళెం దగ్గర పెట్టాను. వేసుకుంది. ముగ్గురం తిన్నాం.