పిండి మిషన్ పక్కన ప్రార్థన

మా బేకరీలో పిండి కలిపే మిషన్ తిరుగుతుంటే పక్కనున్న మనిషి అరిచినా వినబడదు. అందుకే నా ప్రార్థన దాని పక్కన నిలబడి చేసుకుంటాను. ఇంట్లో చేసుకోవచ్చు కదా అంటారేమో. మా ఇంట్లో అక్క ఉంది. మోకాళ్ళూని కళ్ళు మూసుకున్నదాన్ని కూడా పట్టుకుని "పాలు కాచావా?" అని అడిగే రకం. మిషన్ దగ్గరైతే నేనూ, దేవుడూ, పిండీ. గొంతెత్తి అడుగుతాను, అలుగుతాను, ఒక్కోసారి దెబ్బలాడతాను కూడా.

ఆ రోజుల్లో నేను అడిగింది ఒకే ఒక్కటి. వీధి మలుపులో సెలూన్ ఖాళీ అవుతోంది. ఆ గది నాకు కావాలి. నా సొంత బేకరీ, నా సొంత బోర్డు. మా బోర్డు మీద ఇప్పటికీ నాన్న పేరే ఉంది. ఆయన పోయాక ఓవెన్ నా వాటాకొచ్చింది, కౌంటర్ అక్క వాటాకొచ్చింది. తెల్లారకముందే లేచి చేతులు కాల్చుకునేది నేను, ముందు గదిలో చల్లగా నిలబడి అమ్మేది తను. అక్క బ్రెడ్డును తిప్పి, అడుగున వేలితో తట్టి, చప్పుడు బాగుంటే అరలో పెట్టేస్తుంది. బాగుందనీ అనదు, బాగోలేదనీ అనదు.

లెక్కల మాస్టారు రోజూ వచ్చి బ్రెడ్డు వాసన చూసి, "మీ నాన్నగారి చెయ్యి ఎక్కడికీ పోలేదమ్మా" అంటారు. "అంతా ఆయన చలవే మాస్టారూ" అంటుంది అక్క. లోపల నాకు ఒళ్ళు మండిపోయేది. పిండిలో కొంత ముందు రోజు సాయంత్రమే కలిపి పులియబెట్టి, పొద్దున మిగతాదాంట్లో కలిపే పద్ధతి నాది. ఆ మెత్తదనం నాది. గమనించిన నాథుడు లేడు.

అక్క రాని బుధవారం చూసుకుని చర్చిలో స్త్రీల కూడికలో నా ప్రార్థన మనవి చెప్పాను, ఆ గది నాకు దొరకాలని. పాస్టరమ్మగారు కళ్ళజోడు తీసి నావైపు చూశారు.

"ఎందుకమ్మా ఆ గది?"

"సొంతంగా పెట్టుకుందామనండి."

"నాకు కాదు, దేవుడికి చెప్పు. నువ్వు అడగ్గానే ఆమెన్ అనేసి లేచిపోతావు. ఇంకాసేపు ఆగి, ఎందుకు కావాలో కూడా చెప్పుకో. ఆ సంగతి నీకే ఇంకా తెలీదేమో."

నాకు చిర్రెత్తుకొచ్చింది. నాకేం కావాలో నాకు తెలీదా?

అయినా మర్నాడు మిషన్ వేసి మొదలుపెట్టాను. గది ఎందుకు? బోర్డు కోసం ప్రభువా. బోర్డెందుకు? చేసేది నేనని తెలియాలి. ఎవరికి తెలియాలి? మాస్టారికా? ఆయనకి తెలిస్తే నాకేంటి, తెలియకపోతే నాకేంటి! గబగబా ఆమెన్ అనేసి పిండిని అచ్చుల్లో సర్దడానికి వెళ్ళిపోయాను. రోజూ అదే చోట ఆగిపోయేదాన్ని. ప్రతి రోజూ ఎవరో ఓపిగ్గా, "ఊఁ, ఆ తర్వాత?" అని అడుగుతున్నట్టే ఉండేది.

సెలూన్ ఆయన తాళంచెవి తీసుకుని వస్తానన్న రోజు వచ్చింది. నేను సరేనంటే గది నాది, లేదంటే మందుల షాపు వాళ్ళది. అక్కకి ఒక్క ముక్క చెప్పలేదు. తాళంచెవి చేతిలో పడ్డాక చెబుదామనుకున్నాను. దాంతో మేమిద్దరం రెండు ముక్కలవుతామని నాకు తెలుసు.

మొదటి వాయి ఓవెన్‌లో ఉంది. రెండో వాయికి మిషన్ వేశాను. ముందు గదిలో జనం చేరారు. "సరే ప్రభువా, ఇవాళ ఏదో ఒకటి తేలిపోవాలి" అన్నాను. గది ఎందుకు, బోర్డెందుకు, ఎవరికి తెలియాలి అంటూ మళ్ళీ అక్కడికే వచ్చాను. ఈసారి ఆమెన్ అనలేదు. కన్నీళ్ళు ముంచుకొచ్చాయి, మిషన్‌ని మించి అరిచాను.

"నాకు గదొద్దు, బోర్డూ వద్దు! అక్క నన్ను చూడాలి! ఇది నా చెల్లెలు చేసిన బ్రెడ్డని తన నోటితో ఒక్కసారి అనాలి! నాకింకేమీ వద్దు ప్రభువా!"

నా అరుపు మధ్యలోనే కరెంటు పోయి మిషన్ ఆగిపోయింది. ఏ మాట దగ్గర ఆగిందో నేను గమనించలేదు. "అక్క నన్ను చూడాలి" దగ్గర్నుంచి మాత్రం వీధివీధంతా విన్నది. ముందు గదిలో మాస్టారు దగ్గారు.

సిగ్గుతో చచ్చిపోవాల్సింది. కానీ నవ్వొచ్చింది. నాకేం కావాలో నా చెవులతో నేనే మొదటిసారి విన్నాను! అక్క గుమ్మం దాకా రాకముందే గుండె దూదిలా తేలికైపోయింది. అడగాల్సింది అడిగేశాను, వినాల్సినవాడు విన్నాడు. అక్క ఏమీ అనకపోయినా నేనిక మునుపటిదాన్ని కాను. ఆ ఆనందం నాది, దాన్ని ఎవరూ తీసుకుపోలేరు.

అక్క గుమ్మంలో నిలబడింది. "రోజూ లోపల పాటలు పాడుకుంటున్నావనుకున్నానే చిట్టీ."

"బ్రెడ్డు మాడిపోతుంది, తప్పుకో" అన్నాను ముక్కు తుడుచుకుంటూ.

వాయి బయటికి తీశాను. మంచివి కొట్లోకి, విరిగినవి ఇంట్లోకి, అది నాన్న పెట్టిన కట్టడి. మేం పుట్టి బుద్ధెరిగాక మంచి బ్రెడ్డు ముట్టుకున్నది లేదు. అక్క మధ్యలో బాగా పొంగినదాన్ని ఎంచి తీసింది. వేలితో తట్టలేదు. వేళ్ళు కాలుతున్నా నిలువునా విరిచి, ఊదుకుంటూ నోట్లో పెట్టుకుంది.

"ఉప్పు కాస్త తగ్గింది" అంది.

నేను పకపకా నవ్వేశాను. తను మాత్రం ఇంకో ముక్క తుంచింది, ఆ తర్వాత ఇంకోటి.

"అమ్మా, ఇవాళ బ్రెడ్డు ఇస్తారా లేదా?" బయటి నుంచి కేక.

అక్క చేతిలో ముక్కతోనే కౌంటర్ దగ్గరికి నడిచింది. "కాస్త ఆగండి. నా చెల్లెలు చేసిన బ్రెడ్డు తింటున్నాను."

"ఎంతైనా మీ నాన్నగారి చెయ్యి..." అని మాస్టారు అలవాటుగా మొదలెట్టారు.

"నాన్న చెయ్యి కాదు మాస్టారూ. నాన్న బ్రెడ్డు టీలో ముంచితే గానీ దిగేది కాదు, మీరూ ఎరుగుదురు. ఇది మా చిట్టి చెయ్యి."

అంటే తెలుసన్నమాట! "మరి ఇన్నాళ్ళూ అనలేదేం?" అని లోపలి నుంచే అరిచాను.

"నీకు తెలుసుగా అనుకున్నానే, పిచ్చిదానా!" అంది అక్క.

అప్పుడే సెలూన్ ఆయన తాళంచెవి ఊపుకుంటూ మెట్లెక్కాడు. "మందుల షాపు వాళ్ళకే ఇచ్చెయ్యండన్నా" అన్నాను. ఆ మాట అంటుంటే ఏమీ పోగొట్టుకున్నట్టు లేదు. అక్కకి ఏమీ అర్థం కాలేదు. అయినా ఆయన చేతిలో ఓ ముక్క పెట్టి, "తినండి, మా చెల్లెలు చేసింది" అంది. ఆ మాట రుచి మరిగినట్టుంది.

కరెంటు వచ్చింది. మిషన్ గుర్రుమంటూ తిరగడం మొదలెట్టింది. దేవునికి స్తోత్రం చెప్పుకోవాల్సింది కొండంత ఉంది. వెళ్ళి స్విచ్ ఆపేసి, అక్కకీ, మాస్టారికీ, వీధిలో వాళ్ళకీ వినబడేలా గొంతెత్తాను.