కంప్యూటరు ముందు ముగ్గు

తిరుపతి కాలేజీలో పరీక్షల మార్కులన్నీ దాచిన పెద్ద కంప్యూటరు మళ్లీ ఆగిపోయింది.

“ఇంకేం సూస్తావు వకుళమ్మా, రిపేరుకు లారీలో మద్రాసుకు పంపిద్దాం,” అన్నాడు సూపరింటెండెంటు ఏకాంబరం.

“మార్కులు ఫ్లాపీల్లోకి ఎక్కించందే పంపను సార్. దోవలో కుదుపులకు అవి పోతే పిల్లోళ్లకు ఏం జెప్పేది?” అంది ఆపరేటరు వకుళాదేవి.

ప్లగ్గు పీకి మూత విప్పింది. లోపల కరెంటు అందించే డబ్బా నిండా చీమలు, వాటి నోళ్లలో తెల్లటి పిండి. ఏకాంబరం తల దించుకున్నాడు. ప్రతి శుక్రవారం దాని ముందు బియ్యప్పిండితో ముగ్గు పెట్టేది ఆయనే.

“లచ్చిమి కదమ్మా ఈ మిషను,” అని గొణిగాడు.

“చీమలు గూడా అట్లే అనుకున్నట్టుండాయి సార్.”

చీమల్ని మెత్తటి కుంచెతో దులిపితే సగం మాడిన తీగ ఒకటి బయటపడింది. దాన్ని మార్చడం మద్రాసువాళ్ల పని. వకుళాదేవి మళ్లీ ప్లగ్గు పెట్టి, స్విచ్చి వేసి, మార్కులు ఫ్లాపీల్లోకి ఎక్కించసాగింది. మిషను ఆగినప్పుడల్లా చల్లారనిచ్చి, ఆగినచోటి నుంచే మొదలుపెట్టింది. పొద్దు వాలేసరికి మార్కులన్నీ ఫ్లాపీల్లో చేరాయి. అప్పుడే మిషన్ను పరుపులో చుట్టి, ఏ తీగ మార్చాలో చీటీ రాసి అంటించింది.

“సాగనంపేటప్పుడైనా ముగ్గు పెట్టొచ్చా?” అని ఏకాంబరం మెల్లగా అడిగాడు.

“వాకిట్లో పెట్టండి సార్. ముగ్గురాయి పిండితో.”