లోతు నీళ్ల సీసా

ఒడ్డు కనుచూపు మేరలో లేని చోట పడవ ఆగింది. పరిశోధన కేంద్రం వాళ్లు నెలనెలా లోతు నీళ్లు పట్టే తావు అది. ఈసారి ఆ పని మొదటిసారిగా బడి పిల్లలకి అప్పగించారు. నీళ్లు పనికొచ్చేలా పడితే ఇక నెలనెలా వీళ్లే వస్తారు, లేదంటే ఆ ముచ్చట ఇంతటితో సరి. కాళ్లరిగేలా తిరిగి ఒప్పించిన మాస్టారికి పొద్దున్నించీ మంచినీళ్లు కూడా సయించలేదు.

సీసా దించే వంతు ‘సందేహం’ది. ఊపిరి పీల్చినంత సులువుగా ప్రశ్నలు వేస్తుందని తోటిపిల్లలు ఆ అమ్మాయికి పెట్టిన పేరది.

“మూతలు రెండూ తెరిచే దించాలి. తాడు మీది ఎర్ర గుర్తు నీళ్లని తాకాక ఇత్తడి గుండు వదలాలి. అది తాడు వెంట జారి సీసాకి తగిలితే మూతలు పడతాయి. అంతేనా సార్?”

“అంతే తల్లీ.”

“గుండుకి ఈత వచ్చా సార్?” అన్నాడొక పొడుగు కుర్రాడు. అందరూ ఘొల్లుమన్నారు.

తాడు దిగుతుండగా “తాబేలు! తాబేలు!” అని కేక వినిపించింది. అంతా అటువైపు పరిగెత్తారు. మాస్టారూ పరిగెత్తారు, ఆయన మాత్రం మనిషి కాదా? తిరిగొచ్చేసరికి సీసా నిండుగా పైకొచ్చింది. ఒకటే చప్పట్లు.

మాస్టారు సీసా మీద చెయ్యి వేశారు. గోరువెచ్చగా తగిలింది. లోతు నీళ్లయితే చల్లగా ఉండాలి. నోరు తెరవబోయి, ఆ పిల్ల ముఖం చూసి ఆగిపోయారు. అంత సందడిలోనూ ఆమె ఒక్కతే నవ్వడం లేదు.

“ఇవి లోతు నీళ్లు కావు సార్. తాబేలు వైపు తిరిగేసరికి గుండు చేతిలోంచి జారిపోయింది. అప్పటికి తాడు బారెడు కూడా దిగలేదు.”

“మాట్లాడకుండా ఊరుకోవచ్చుగా!” పొడుగు కుర్రాడు తల పట్టుకున్నాడు.

“మరి కేంద్రం వాళ్లు ఇదే నిజమనుకుని లెక్కలు వేసుకుంటే?”

తనకి తట్టాల్సిన మాట ఆ పిల్లకి ముందే తట్టినందుకు మాస్టారి మనసు తేలికపడింది. పడవ నడిపే సరంగు వైపు చూశారు.

“గాలి లేస్తోంది మాస్టారూ, ఇక తిరగాలి” అని గొణిగి, అతను ఆ పిల్లని ఎగాదిగా చూశాడు. “సరే, ఒక్కసారే. ఈసారి తిమింగలమే వచ్చి పేరు పెట్టి పిలిచినా తల తిప్పకూడదు!”

ఎర్ర గుర్తు నీళ్లని తాకింది. గుండు వదిలి, తాడు మీద రెండు వేళ్లు ఆనించి, ఆ పిల్ల కళ్లు మూసుకుంది.

“తగిలింది! ఎవరో తలుపు తట్టినట్టు తెలిసింది సార్!”

పైకొచ్చిన సీసాకి చెమట పట్టింది. “అబ్బ, మంచుగడ్డే!” అంటూ పిల్లలు చెంపలకి ఆనించుకుంటుంటే మాస్టారు ఈసారి చెయ్యి వేసి చూడలేదు. ఆ అరుపులే చాలు.

సరంగు దగ్గరికొచ్చాడు. “ఏదీ, నన్నూ ముట్టుకోనివ్వండి. ఇన్నేళ్లుగా పైపైనే తిరుగుతున్నాను.”

ఆ పిల్ల రెండు చేతులా అందించింది. “గట్టిగా పట్టుకో బాబాయ్. మళ్లీ దించుతానంటే ఒప్పుకోవుగా!”