కొలత పక్కన చుక్క

మా మేనల్లుడు వారం రోజులు ఏదో శిక్షణకి వెళ్ళొచ్చాడు. వెళ్ళేటప్పుడు వాడు కుట్టు షాపు ఓనరమ్మ కొడుకు. తిరిగొచ్చేసరికి ‘ఆపరేషన్స్ మేనేజర్’. మా షాపులో ఉన్నవి ఆరు మిషన్లు, ఒక కటింగ్ బల్ల, ఒక ఇస్త్రీ బల్ల, తిరగాలా వద్దా అని ఆలోచించుకుంటూ తిరిగే ఒక ఫ్యాను. మేనేజరు లేక ఇవన్నీ ఇన్నాళ్ళూ ఎంత కుమిలిపోయాయో పాపం, యాభై ఏళ్ళుగా అక్కడే కత్తెర పట్టుకు నిలబడ్డ నాకు తెలియనే లేదు.

“మావయ్యా, ఇక మన కొలతలన్నీ క్లౌడ్‌లో ఉంటాయి. ఎక్కడో దూరాన పెద్ద పెద్ద కంప్యూటర్లు. మనం ఎక్కడి నుంచైనా చూసుకోవచ్చు,” అన్నాడు.

“ఎక్కడి నుంచైనా అంటే? నేను బల్లకి ఇవతలి నుంచి చూస్తాను. మరీ మోజు పుడితే అవతలికి వెళ్తాను. అంతకు మించి ఈ షాపులో జాగా ఎక్కడుందిరా అల్లుడూ?”

గుండీలు కుడుతున్న అక్క తలెత్తకుండానే, “ఒరేయ్ తమ్ముడూ, పిల్లాడు నాలుగు మంచి మాటలు చెబుతుంటే ఆ వెటకారం ఎందుకురా?” అంది. పిల్లాడికి ముప్ఫై రెండేళ్ళు.

అక్క భయం నాకూ తెలుసు. రోడ్డుకి అవతల రెడీమేడ్ షోరూం వెలిసింది. మా ఆరు మిషన్లలో నాలుగింటిని ఆడించేది ఒకే ఒక్క ఫైర్ స్టేషన్, ఇరవై ఎనిమిది మంది యూనిఫారాలు. ఈ ఏడు ఫైర్ ఆఫీసరు గారు మొహమాటం లేకుండా చెప్పేశారు: “పై అధికారుల తనిఖీ నాటికి వంక లేకుండా కుట్టిస్తే ఐదేళ్ళు మీకే రాసిస్తాను. వంకొచ్చిందా, షోరూంకి.” వంకొస్తే నలుగురు కుట్టేవాళ్ళని అక్క తన నోటితో రావొద్దని చెప్పాలి. అందులో ఇద్దరు నా మేనల్లుడిని ఎత్తుకుని ఆడించినవాళ్ళు.

సరే, వాడు నా కొలతల పుస్తకం ముందేసుకుని కంప్యూటర్‌లోకి ఎక్కించడం మొదలుపెట్టాడు. రెండో పేజీలోనే ఆగాడు.

“మావయ్యా, ఈ నడుము కొలతల పక్కన చుక్కలేంటి?”

“ఊపిరిరా. టేపు చుట్టగానే మగవాడనేవాడు పొట్ట లోపలికి లాక్కుంటాడు. కాస్త లాగితే ఒక చుక్క, ఒక అంగుళం కలుపుకోవాలి. కళ్ళు తేలేసేదాకా లాగితే రెండు.”

“చుక్కకి ఇందులో గడి లేదు,” అన్నాడు. గడి లేదు కాబట్టి చుక్కలు పోయాయి. నా పుస్తకం వెళ్ళి ఇస్త్రీ బల్ల పొట్టి కాలి కింద చేరింది.

అక్కడితో ఆగితే బాగుండేది. కానీ శిక్షణలో కస్టమరే దేవుడని నేర్పారట. దేవుడి కొలతలు దేవుడే చూసుకోవాలి, తప్పుంటే దేవుడే దిద్దుకోవాలి అని, ప్రతి కస్టమరు ఫోనులోనూ ఆ వీలు కల్పించాడు మా వాడు.

అంతే! ఒక్క వారంలో మా వీధులు వెడల్పయ్యాయంటే నమ్మండి, ఊళ్ళో అందరూ అంత సన్నబడ్డారు. పచారీ కొట్టాయన నడుము రోజుకో అంగుళం చొప్పున తరిగిపోతుంటే, ఆదివారానికి మనిషి మిగులుతాడా అని నాకు బెంగ పట్టుకుంది. బడి హెడ్మాస్టరు యాభై ఆరో ఏట మూడంగుళాలు పొడుగయ్యారు. ఒక ఫైర్‌మన్ ఛాతీ నలభై ఆరు, నడుము ఇరవై ఎనిమిది. ఆ కొలతలకి మనిషి కనపడలేదు నాకు, గరాటు కనపడింది.

“చూశావా మావయ్యా! కస్టమర్లు ఎంత ఉత్సాహంగా పాల్గొంటున్నారో!”

“చూస్తున్నానురా. ఫైర్ ఆఫీసరు గారి నడుము ముప్ఫై ఎనిమిదని ఉంది. ఆ నడుము ఇరవై ఏళ్ళుగా నా చేతుల్లో పెరిగింది. ఒరేయ్, అది నలభై నాలుగు, రెండు చుక్కలు.”

“మావయ్యా, డేటాతో వాదించకూడదు.”

అక్క వాడి వంకా నా వంకా చూసి, “స్క్రీన్ మీద ఉన్నట్టే కుట్టండి. ఎవరి ఇష్టం వాళ్ళది కుదరదు,” అని తేల్చేసింది.

ఓనరమ్మ మాట. స్క్రీన్ మీద ఉన్నట్టే కుట్టించాను. కత్తిరించడం గురించి మాత్రం ఆవిడేమీ అనలేదు. ఇస్త్రీ బల్ల కాలి కింద నుంచి నా పుస్తకం లాగి, ఆ చోట వాడి శిక్షణ ఫైలు పెట్టాను. భలే సరిపోయింది, బల్ల ఒక్కసారి కూడా ఊగలేదు. ఇరవై ఎనిమిది మందికీ చుక్కలతో సహా కత్తిరించి, మిగిలిన బట్టంతా లోపలికి మడిపించాను.

ఆఫీసరు గారి ప్యాంటు తిరగేసి చూసి మేనల్లుడు బిత్తరపోయాడు. “ఇంత బట్ట లోపలెందుకు?”

“చలికి,” అన్నాను.

తనిఖీ ముందు రోజు పొద్దున్నే స్టేషన్ ఆవరణలో తొడిగి చూసుకున్నారు. ఆఫీసరు గారిని ఇద్దరు చెరో వైపు నిలబడి ప్యాంటులోకి దింపారు. మూడోవాడు గుండీ పెట్టాడు. ఆయన ఊపిరి బిగబట్టి, మొహం ఫైరింజను రంగుకి వచ్చేదాకా అలాగే నిలబడ్డారు. ఎంతసేపని నిలబడతారు? ఊపిరి వదిలారు. గుండీ తూటాలా లేచి, ఆవరణ దాటి, గోడకున్న గంటకి ఠంగుమని తగిలింది. నేను చూశాను కాబట్టి చెబుతున్నాను.

గంట మోగితే వాళ్ళు ఆగరు, పాపం, అలవాటు. ఇరవై ఏడు మందీ ఫైరింజను ఎక్కడానికి ఒక్కసారే కాళ్ళు ఎత్తారు. ఇరవై ఏడు కుట్లు ఒక్కసారే విడిపోయిన చప్పుడు మీరెప్పుడైనా విన్నారా? పొడుగు పెరిగినవాళ్ళు ప్యాంటు చివర్లు తొక్కుకుని బోర్లా పడ్డారు. గరాటు గారు మెట్టు మీదే ఇరుక్కుపోయారు.

“ఇవా కొలతలు!” ఆఫీసరు గారు రెండు చేతులతో ప్యాంటు పట్టుకుని కేకలేశారు. “రేపు నేను ఎవరికి మొహం చూపించను? ఓనరమ్మా, మీ ఆర్డరు రద్దు! ఇప్పుడే షోరూంకి ఫోను చేస్తాను!”

అక్క చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆవిడ కళ్ళల్లో ఆ నలుగురు కుట్టేవాళ్ళూ కనపడ్డారు నాకు. మేనల్లుడు నా పక్కకి జరిగాడు. “మావయ్యా, మునిగిపోయాం,” అన్నాడు మెల్లిగా.

“ఆగరా. ఎవరైనా కొలత మారిస్తే నీ క్లౌడ్‌లో పాతది చెరిగిపోతుందా?”

“చెరగదు మావయ్యా. ఎవరు, ఏది, ఎప్పుడు మార్చారో మొత్తం ఉంటుంది.”

“మరి చదవవేం? పైకి చదువు, అందరికీ వినపడాలి.”

వాడు ఫోను తీశాడు. “ఫైర్ ఆఫీసరు గారి నడుము. పోయిన మంగళవారం, ఆయన ఫోను నుంచే. పదకొండింటికి నలభై నాలుగు తీసేసి నలభై రెండు. పదకొండూ రెండుకి నలభై. పదకొండూ ఐదుకి…”

ఆఫీసరు గారికి దగ్గొచ్చింది. ఐదు నిమిషాల్లో ఆరంగుళాలు తగ్గిన మనిషికి దగ్గు రాకుండా ఎలా ఉంటుంది? వెనకాల ఇరవై ఏడు మందీ ఆకాశంలోకి చూస్తున్నారు. తర్వాతి వంతు తమదని అందరికీ తెలుసు.

“చాల్లే బాబూ,” అన్నారాయన. తర్వాత నా దగ్గరికొచ్చి గొంతు తగ్గించారు. “మాస్టారూ, లోపల బట్టేమన్నా ఉందా?”

“తమరి దాంట్లో ఎనిమిదంగుళాలు ఉంది సార్.”

“ఎనిమిదా? ఆరు చాలదూ?”

“తమరు రేపు భోజనం చెయ్యరా?”

ఆరు మిషన్లూ ఫైరింజను మీదే స్టేషన్‌కి వచ్చాయి. సాయంత్రం దాకా విప్పాం, కుట్టాం. మేనల్లుడు నేల మీద కూర్చుని కుట్లు విప్పాడు, మేనేజరని మరిచిపోయి. మర్నాడు తనిఖీకొచ్చిన అధికారి వరసంతా చూసి, ఇంత హాయిగా ఊపిరి పీల్చుకునే సిబ్బందిని తానెక్కడా చూడలేదన్నారట. మూడో రోజుకి ఐదేళ్ళ కాగితం అక్క చేతికి వచ్చింది. దాంతో పాటు, ఆ పాత మార్పుల సంగతి ఎవరికీ చూపించొద్దని నోటిమాటగా ఒక చిన్న విన్నపం కూడా.

క్లౌడ్‌తో వ్యాపారం బాగుపడదని నేను ఇక అనను. నా పుస్తకంలో రబ్బరుతో రుద్దితే ఎవడు రుద్దాడో దేవుడికి కూడా తెలియదు. అందుకే ఒప్పుకున్నాను, ఒక్క షరతు మీద. ఇప్పుడు ప్రతి కొలతకీ రెండు గడులు. ఒకటి కస్టమరు ఫోనులో కనపడేది, అందులో ఆయన ఎంత కావాలంటే అంత సన్నబడొచ్చు. రెండోది కత్తెరకి మాత్రమే కనపడేది.

మొన్న ఆఫీసరు గారు కొత్త కోటుకి వచ్చారు. టేపు చుట్టగానే కళ్ళు తేలేశారు. “ఎంత?” అన్నారు పెదవులు కదపకుండా.

“ముప్ఫై ఎనిమిది సార్.”

ఆయన మురిసిపోయి ఊపిరి వదిలారు. మా మేనల్లుడు, వాడిని నేనేమీ అడగకుండానే, రెండో గడిలో వేలితో రెండు చుక్కలు పెట్టాడు.