దర్జీగారి తిట్లు

దర్జీగారిది మతిమరుపు జబ్బని తేలాక, అలవాటైన పని ఏదైనా కళ్ల ముందు జరుగుతుంటే మంచిదని డాక్టరు చెప్పాడు. ఆయన చేతికి సూదిస్తే వేళ్లకు గుచ్చుకుంటున్నాడు. అందుకని ఆయన భార్య, పుట్టి బుద్ధెరిగాక ఒక్క గుండీ కూడా కుట్టని మనిషి, దుకాణం మూసేసినప్పుడు మిగిలిన గుడ్డముక్కల మూట విప్పి బొంత కుట్టడానికి కూర్చుంది.

కూర్చుంటే సరిపోతుందా! ఆయనేమన్నా అల్లాటప్పా దర్జీనా? చొక్కాకు జేబు ఎక్కడుందో తడిమితే తప్ప తెలియకుండా, చారకు చార కలిపి కుట్టిన మనిషి. మొదటి రోజు ఆమె రెండు పూల ముక్కలు తీసి, అంచుకు అంచు పెట్టి, రేకుకు రేకు కలిపి, మురిసిపోతూ కుట్టింది. తెరిచి చూస్తే పువ్వు నడుం విరిగి ఉంది.

ఆయన కుర్చీలోంచి ముందుకు వంగాడు.

"ఏం చేశావే మహాతల్లీ! అంచులో కలిస్తే ఎవడిక్కావాలి? కుట్టు లోపలికి కాస్త గుడ్డ మింగేస్తుందా లేదా? అది వదిలేసి, కుట్టు పడే చోట కలపాలి. విప్పు!"

విప్పింది. పైముక్క అంచు లోపలికి మడిచి, ఆ మడతను కింది ముక్క మీద మెల్లగా జరుపుతూ, సగం పువ్వు రెండో సగాన్ని అందుకోగానే గుండుసూది గుచ్చమన్నాడు. కదలకుండా వదులుగా కచ్చాకుట్టు వేశాకే అసలు కుట్టు. చెప్పినంత తేలికేం కాదు. కాస్త లాగితే చాలు, గుడ్డ సాగి పువ్వు మూతి వంకర పెడుతుంది.

"కళ్లు నెత్తికెక్కాయా? మళ్లీ విప్పు!" అనేవాడు.

కాపురానికొచ్చిన నాటి నుంచి ఆ నోటికి జడిసి చచ్చింది పాపం. వండినా తప్పే, సర్దినా తప్పే. 'పర్వాలేదు' అన్న మాట కూడా ఆయన నోట వినలేదు. ఇప్పుడేమో ఆ తిట్ల కోసమే చెవులు రిక్కించి కూర్చుంటోంది! కూతురు ఫోన్ చేసి, "నాన్న ఎలా ఉన్నాడమ్మా?" అని అడిగితే, "బ్రహ్మాండంగా ఉన్నారే, పొద్దున్నే నాకు గడ్డి పెట్టారు" అని సంబరంగా చెప్పేది. తిట్టాడంటే మనిషి ఇంకా మిగిలి ఉన్నట్టే కదా.

రాను రాను తిట్లు తగ్గిపోయాయి. నాకు పని పట్టుబడింది, తప్పులు రావడం లేదు, అందుకే అని ఆమె సర్దిచెప్పుకుంది. ఆయన గంటల తరబడి కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. కూతురు అడిగితే ఆమె మాట దాటేస్తోంది.

ఉండబట్టలేక ఒక ఉదయం కావాలనే తప్పు చేసింది. పక్షుల బొమ్మల గుడ్డ తీసి, ఒక ముక్కలో పక్షులు నిటారుగా, పక్క ముక్కలో తలకిందులుగా పెట్టి, కొమ్మకు కొమ్మ అందకుండా టకటకా కుట్టేసింది. చిన్నపిల్లలు చూసినా నవ్వుతారు. తీసుకెళ్లి ఆయన ఒళ్లో పరిచి, కింద కూర్చుంది. తిట్టండి, మీకు దణ్ణం పెడతాను, ఒక్కసారి తిట్టండి అనుకుంది.

ఆయన గుడ్డ సవరించుకున్నాడు. కుట్టు వెంట వేలు పోనిచ్చి, కొమ్మ తెగిన చోట ఆగాడు. వేలు ముందుకు వెళ్లిపోయింది.

"చక్కగా కుట్టారమ్మా," అన్నాడు మర్యాదగా నవ్వుతూ. "ఎవరి దగ్గర నేర్చుకున్నారు?"

పెళ్లయిన ఇన్నేళ్లకు మొదటి మెప్పు. అదీ ఇలాంటి దిక్కుమాలిన కుట్టుకు! ఆమెకు ఏడుపు తన్నుకొచ్చింది.

"మా ఆయన దగ్గరండీ."

"మంచి పనివాడన్నమాట."

"చాలా మంచి పనివాడండీ. ఇది చూస్తే నన్ను దులిపేసేవారు."

"అయ్యో, అంత కోపిష్టా? ఎలా వేగారమ్మా అతనితో?"

ఆమె ఇక ఆపుకోలేక ఆయన మోకాలి మీద తల పెట్టి భోరుమంది. పరాయి ఆడమనిషిని తాకకూడదు కదా, ఆయన కంగారుగా రెండు చేతులూ పైకి తీసేసుకున్నాడు.