కత్తి ముందు నిలబడ్డ డాక్టరు

తహూరా స్కూటీ ఆపేసరికి గజేందర్ ఇంటి పెరట్లో కోయడానికి వచ్చినవాళ్లు కత్తులు నూరుతున్నారు. ఒక గొర్రె అప్పటికే చచ్చిపడి ఉంది. దాని కడుపు ఉబ్బిపోయి, ముక్కులోంచి నల్లటి నెత్తురు కారుతోంది. మరో రెండు వణుకుతూ నిలబడలేకపోతున్నాయి. అవి పోకముందే కోసేయాలని గజేందర్ తొందర. కొత్త ఇంటి దావత్ ఆ మధ్యాహ్నమే. చిన్నకోడూరు చుట్టుపక్కల పెద్దమనుషులందరినీ పిలిచాడు.

తహూరాకు ఫోన్ చేసింది గొర్రెలు కాసే కొండవ్వ. దావత్‌కు గొర్రెలను అమ్మింది ఆమే.

తహూరా ఆ పల్లె పశువుల దవాఖానకు డాక్టరుగా వచ్చి ఏడాది కూడా కాలేదు. ఆడపిల్లకు పశువుల చదువేమిటని సిద్దిపేటలో చుట్టాలు దెప్పినప్పుడు, ఆమె తండ్రి సర్వర్ తన కుట్టుమిషన్ల దుకాణంలో కూర్చుని, "మీ పిల్లలను మీకు నచ్చింది చదివించుకోన్రి" అని వాళ్ల నోళ్లు మూయించాడు.

చచ్చిన గొర్రెను చూడగానే తహూరా గ్లవ్స్ తొడుక్కుంది.

"కత్తులు పక్కకు పెట్టున్రి. ఎవ్వరు ముట్టొద్దు. దొమ్మ రోగం, అదే ఆంత్రాక్స్, లెక్కనే ఉంది. కోసినోళ్లకు, కడిగినోళ్లకు, తిన్నోళ్లకు గూడ అంటుకుంటది."

కోయడానికి వచ్చినవాళ్లు ఆగిపోయారు. గజేందర్ నవ్వాడు.

"ఎండదెబ్బ గది. మంచిగ ఉడికిస్తే ఏం గాదు. మీరు మీ సూదులు చూసుకోన్రి మేడం, నా ఇంటి వంట నాకిడిసిపెట్టున్రి."

"పరీక్ష అయ్యేదాక ఒక్కటి గూడ తెగొద్దు."

"నేనెవరో తెలుసా? ఒక్క ఫోన్ కొడితే రేపు నువ్వు ఈడ ఉండవు."

"కొట్టున్రి. ఇయ్యాలయితే ఈడనే ఉన్న."

గజేందర్ పక్కవాడి చేతిలోంచి కత్తి లాక్కుని తానే గొర్రెల వైపు నడిచాడు. తహూరా అడ్డంగా వెళ్లి నిలబడింది.  

"నన్ను పక్కకు నూకి కొయ్యిన్రి. అందరు ఫోన్లల్ల తీస్తరు, తియ్యనియ్యిన్రి."

అప్పుడు కొండవ్వ గొంగడి సర్దుకుంటూ వచ్చి ఆమె పక్కనే నిలబడింది.

"బేరం లేదు గజేందరూ. గొర్లు నాయి. నేనే బొంద పెట్టుకుంట."

"నీకేం తెలుసే ముసల్దానా!"

"పిల్లలు గూడ తింటరని తెలుసు. ఇంకేం తెల్వాలె?"

కోయడానికి వచ్చినవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకుని మెల్లగా గేటు దాటారు. వంటవాళ్లు పెద్ద గిన్నె పొయ్యి మీంచి దించేశారు. గజేందర్ కత్తి కింద పడేసి లోపలికి వెళ్లిపోయాడు.

తహూరా చచ్చిన గొర్రె చెవి నుంచి నెత్తురు చుక్క తీసి, గాజుపలక మీద పూసి సిద్దిపేటకు పంపింది. మిగతా రెండింటికీ మందు ఎక్కించింది. ఒకటి నిలబడింది, ఒకటి పోయింది. చచ్చినవాటిని కోయకుండానే లోతుగా గుంత తవ్వించి, సున్నం పోయించి పూడ్పించింది. కొండవ్వ గుంత పక్కన కూర్చుని ఏడ్చింది. తహూరా ఆమె భుజం మీద చెయ్యి వేసింది. 

దావత్‌లో పప్పు, వంకాయకూర వడ్డించారు. సాయంత్రానికి పరీక్ష ఫలితం వచ్చింది. దొమ్మ రోగమే.

అయినా గజేందర్ ఫిర్యాదు చేశాడు. పైఅధికారి సంజాయిషీ అడిగాడు. తహూరా రెండే వాక్యాలు రాసింది: "కోయనివ్వలేదు. మళ్లీ ఇట్లా జరిగినా కోయనివ్వను." పరీక్ష ఫలితం చూశాక ఆయన ఇంకేం అడగలేదు.

మరుసటి వారం ఊళ్లో పశువులకు దొమ్మ టీకాలు వేస్తూ తహూరా గజేందర్ ఇంటికి చేరింది. గేటుకు లోపలి నుంచి గొళ్లెం పెట్టి ఉంది.

"గేటు తియ్యిన్రి! మీ బర్లకు గూడ సూది ఎయ్యాలె."

తహూరా గేటును గట్టిగా తట్టింది.

"మీరు తీసేదాక నేను పోను!" అని గొంతు పెంచింది.

చాలాసేపటికి గొళ్లెం కదిలింది. గజేందర్ ఆమె ముఖం చూడకుండా పక్కకు జరిగాడు. తహూరా మందుల డబ్బా చంకన పెట్టుకుని నేరుగా కొట్టంలోకి నడిచింది.