మెత్తని పాళీ

పాళీని మళ్ళీ తలకు తుడుచుకున్నాడు జక్కయ్య. పొద్దుట్నుంచి అలా తుడుస్తూనే ఉన్నాడు. కుడిచెవి పైనున్న నెరిసిన జుట్టంతా సిరాతో ఎర్రబడింది. చూసినవాళ్ళు తల పగిలిందనుకుంటారు. అవన్నీ పట్టించుకునే స్థితిలో లేడాయన.

చిత్తుకాగితం మీద 'శ్రీ' అని రాసి, గుడిదీర్ఘం తిప్పే చోట కాస్త ఒత్తాడు. పాళీ విచ్చుకుంది గాని సిరా దాని వెంట రాలేదు. లావుగా రావలసిన గీత రెండు సన్నగీతలుగా చీలి మధ్యలో తెల్లగా మిగిలింది. ఇంకోసారి ఒత్తాడు. ఈసారి బొట్టు కారింది.

"దీని దుంపతెగ" అనుకుంటూ లేచాడు. కిటికీ దాకా వెళ్ళాడు, వచ్చి కూర్చున్నాడు, మళ్ళీ లేచాడు.

గవర్నర్‌పేటలో వెంకటసుబ్బారావు గారి బ్లాకుల షాపు అది. పెళ్ళికార్డులకూ పుస్తకాల అట్టలకూ కావలసిన అక్షరాలు జక్కయ్య చేత్తో రాస్తాడు. వాటిని ఫోటో తీసి, జింకు రేకు మీద బ్లాకు చేసి ప్రెస్సులకిస్తారు. బెజవాడలో పెళ్ళిళ్ళయిన ఎంతమంది పేర్లు ఆ బల్ల మీదుగా వెళ్ళాయో లెక్కలేదు. ఆయన పేరు మాత్రం ఏ కార్డు మీదా ఉండదు. రాసినవాడి పేరు శుభలేఖలో ఎవడు వేస్తాడు?

లోపలి గదిలోంచి యజమాని వచ్చాడు. "జక్కయ్యగారూ, ఇవాళ అవుతుందా, అవదా? సాయంత్రం ఫోటో తియ్యకపోతే మంగళగిరి వాళ్ళకి నేను మొహం చూపించలేను. పోనీ, ప్రెస్సులో టైపు పెట్టి కానిచ్చెయ్యమందామా?"

"వద్దండీ. కొత్త పెన్ను. సర్దుకుంటోంది."

"పాతదానికేమొచ్చింది?"

"అరిగిందండీ."

పచ్చి అబద్ధం. పాత కలం నిక్షేపంలా సొరుగులో ఉంది. చెడిపోయింది ఆయన బొటనవేలు. వానాకాలంలో వచ్చిన జ్వరం పోతూపోతూ ఆ వేలిలో బలం పట్టుకుపోయింది. పాత కలం పాళీ గట్టిది, గట్టిగా అదిమితే తప్ప విచ్చుకోదు. అదమడం ఇప్పుడు ఆయన వల్ల కాదు. చొక్కా బొత్తాలు కూడా భార్య తెరేసమ్మే పెడుతోంది. సంగతి తెలిసింది ఆవిడకొక్కదానికే.

"ఆయనతో చెప్పెయ్యరాదూ? మంచోడేగా, కాదంటాడా?" అంది ఆవిడ పొద్దున.

"కాదనడు. ఇంటిపట్టున కూర్చోమంటాడు."

"కూర్చుంటే ఏం పోయింది?"

"రేపు పొద్దున్నే లేచి నేనేం చెయ్యాలే?" అన్నాడు జక్కయ్య. 

కూర్చోవడం ఆయనకు పుట్టుకతోనే రాలేదు. జై ఆంధ్ర గొడవల్లో షాపులన్నీ మూసినప్పుడు ఇంట్లో కాలు నిలవక, వంటింటి డబ్బాలన్నిటి మీదా ఉప్పు, కారం, కందిపప్పు అని పెళ్ళికార్డంత అందంగా రాసిపెట్టాడు. తెరేసమ్మకు చదవడం రాదు. సొట్టలు చూసి డబ్బాలు గుర్తుపట్టే మనిషి. అయినా ఆయన్ను రాసుకోనిచ్చింది.

అందుకే నిన్న బీసెంటు రోడ్డులో పేవ్‌మెంటు మీద ఈ చవకరకం పెన్ను కొన్నాడు. నల్లటి ఎబొనైట్ గొట్టం, రేకు పాళీ. "మెత్తని పాళీ అండీ, చెయ్యి ఆనిస్తే చాలు, పువ్వులా విచ్చుకుంటది" అన్నాడు అమ్మినవాడు. విచ్చుకోవడం నిజమే. సిరా సంగతి వాడు చెప్పలేదు, ఈయన అడగలేదు.

భోజనాలవేళకు మంగళగిరి బస్సు దిగి రామలింగం వచ్చాడు. ఒకప్పుడు మగ్గం నేసినవాడు, ఇప్పుడు చీరల వ్యాపారం. ఈ పెళ్ళి ఆయన మనవరాలిదే. అక్షరాలు ఎర్రసిరాతోనే రాయాలని పట్టుబట్టింది కూడా ఆయనే. "మా ఇళ్ళల్లో శుభలేఖకి నలుపు తగలనివ్వమండీ, చిత్తు రాసినా సరే" అన్నాడు. బ్లాకు తీసే ఫిల్ముకు ఎరుపైనా నలుపుగానే పడుతుంది కాబట్టి షాపువాళ్ళకు ఇబ్బంది లేదు. ఇబ్బందంతా జక్కయ్యది. ఎర్రసిరా పలచన, ఈ పెన్నులో అది అయితే కారుతోంది, లేకపోతే ఆగుతోంది.

రామలింగం బెంచీ మీద కూర్చుని చూస్తున్నాడు. జక్కయ్య హోటలుకెళ్ళి గ్లాసుతో మరిగిన నీళ్ళు తెచ్చాడు. పాళీనీ, దాని కిందుండే నల్లటి నాలికనూ గుడ్డతో పట్టి లాగాడు. ఆ నాలిక పాళీకి ఎడంగా ఉంది, అందుకే సిరా అందడం లేదు. వేడినీళ్ళలో ముంచితే మెత్తబడుతుంది. అప్పుడు పాళీకి ఆనించి అదిమిపెడితే చల్లారేలోగా అతుక్కుని ఉంటుంది. ఎన్నోసార్లు చేసిన పనే. ముంచి తీశాడు. అదిమాడు. బొటనవేలు పక్కకు జారింది. మళ్ళీ ముంచాడు. మళ్ళీ జారింది. ఎడంచేత్తో ప్రయత్నిస్తే నాలిక కింద పడింది.

రామలింగం లేచి వచ్చాడు. "ఇటివ్వండి."

"అయ్యో, మీకెందుకండీ శ్రమ."

"ఇవ్వండయ్యా. తెగిన పోగులు అతికీ అతికీ మొద్దుబారిన వేళ్ళు, కాలవు."

ఆయన అదిమిపట్టాడు. అలా పట్టుకునే జక్కయ్య చేతి వైపు చూశాడు. గొంతు తగ్గించి అడిగాడు. "ఎప్పట్నుంచి?"

జక్కయ్య ముందు యజమాని గదివైపు చూశాడు. "వానాకాలం నుంచండీ. ఎవరితో అనకండి."

"మా అన్నకీ ఇట్టాగే అయింది. చెబితే మగ్గం దిగమంటారని నోరు విప్పలేదు."

"దిగారా మరి?"

"దిగలేదు. సన్ననూలు మానేసి ముతకలు నేశాడు. నేశాడు మటుకు."

తరవాత రామలింగం పట్టుకుంటే, జక్కయ్య బ్లేడు మూలతో నాలికలోని గాడిని కాస్త లోతు చేశాడు. రెండూ కలిపి గొట్టంలో పెట్టి, పాళీని వెంట్రుకవాసి ముందుకు లాగి, సిరా పోశాడు. 'శ్రీ' అని రాశాడు. గీత సన్నగా మొదలై, మలుపులో నిండుగా లావెక్కి, మళ్ళీ సన్నబడి ఆగింది. ఒత్తినట్టే లేదు.

ఇక తల ఎత్తలేదు. రోజూ సిలువ గుర్తు వేసుకునే ఆ చెయ్యి నేతవాళ్ళ కులదైవం శ్రీ భద్రావతీ సమేత భావనారాయణస్వామి పేరు రాసింది, పిల్ల పేరు రాసింది, పిల్లవాడి పేరు రాసింది. సాయంత్రానికి యజమాని కాగితం వెలుతురుకు పెట్టి చూసి, "ఇంత నాజూగ్గా మీరు రాసి ఎన్నాళ్ళయిందండీ! రేపు ఇంకో రెండు కార్డులొస్తున్నాయి, మీరే చూడాలి" అన్నాడు. రేపు కూడా పని ఉంది. జక్కయ్యకు ఏడుపొచ్చినంత పనయింది.

భవానీపురం వెళ్ళే బస్సులో సీటు ఖాళీగా ఉన్నా నిలబడే ఉన్నాడు. ఇంటికెళ్ళి తెరేసమ్మకు అంతా చెప్పాడు. గుమ్మం దాకా నడుస్తూ, వెనక్కి వస్తూ చెప్పాడు. రామలింగం గారి వేళ్ళ గురించి రెండుసార్లు చెప్పాడు.

మర్నాడు పొద్దున్నే తయారై మంచం మీద కూర్చున్నాడు. తెరేసమ్మ ముందు వంగి బొత్తాలు పెడుతోంది. రోజూ కదలకండి కదలకండి అని విసుక్కునేది. "ఇవాళేంటి, ఇంత బుద్ధిగా కూర్చున్నారు?" అంది. జవాబు రాకపోయేసరికి తలెత్తి చూసింది.

గుండె ఆగిందన్నారు. వెంకటసుబ్బారావు షాపు మూసి వచ్చి, సమాధుల దొడ్డిదాకా నడిచాడు.

ఈ కబురు మంగళగిరికి చేరలేదు. కార్డులు ప్రెస్సు నుంచి నేరుగా తన ఊరికే వచ్చిన మర్నాడు, ఆ రోజు జక్కయ్య మాటల్లో విన్న గుర్తుతో రామలింగం భవానీపురంలో ఇల్లు అడుగుతూ వచ్చాడు. గుమ్మంలో తెల్లచీర కట్టుకున్న తెరేసమ్మ. లోపల స్టూలు మీద ఫోటో, దాని ముందు వెలుగుతున్న కొవ్వొత్తి. ఆయనకు అర్థమయింది. చేతిలో ఉన్నదాన్ని గబుక్కున కండువా కిందకు లాక్కున్నాడు.

"ఎవరండీ?"

"రామలింగాన్నమ్మా. మంగళగిరి."

"చెయ్యి సాయం పట్టారంట గదా. ఆ సాయంత్రమంతా మీ గురించే చెప్పారండీ." కండువా కింద పసుపు అద్దిన మూల కనిపించింది ఆవిడకు. "శుభలేఖా?"

"చావు జరిగిన ఇంట్లో ఇవ్వకూడదమ్మా. పిల్ల మెడలో ఇంకా తాళి పడలేదు."

"అవునండీ. ఇవ్వకండి." కండువా మీంచి చూపు తిప్పకుండా, "ఒక్కసారి చూపించండి" అంది.

ఆయన దూరం నుంచే విప్పి పట్టుకున్నాడు. ఆవిడ చాలాసేపు చూసింది. "నాకు చదవడం రాదండీ. ఆయన రాసిందేనా?"

"ఆయన రాసిందేనమ్మా, ప్రతి అక్షరం."

రామలింగం కళ్ళు తుడుచుకున్నాడు. అలాంటి ఇంటి నుంచి వెళ్ళొస్తానని చెప్పకూడదు కాబట్టి చెప్పకుండానే కదిలాడు. వీధి మలుపు దాకా వెళ్ళి ఆగాడు. ఎంతసేపు నిలబడ్డాడో, వెనక్కి వచ్చాడు. తెరేసమ్మ అప్పటికి లోపలికి వెళ్ళిపోయింది. గుమ్మం బయట వీధరుగు ఉంది. అది ఇంటి లెక్కలోకి రాదని ఆయన తనకు తాను చెప్పుకున్నట్టున్నాడు.

అరుగు మీద, నాలుగు మూలలా పసుపు అద్దిన శుభలేఖ, గాలికి ఎగిరిపోకుండా దాని మీద ఒక గులకరాయి.